సిక్స్ పాయింట్ ఫైవ్ లూపే

రైఫిల్‌ని భుజానికి ఎత్తుకున్న క్షణంలోనే అనురాధకి తెలిసిపోయింది, దీన్ని ఎవరో పొట్టి మనిషి కోసం చేశారని. ఆరేళ్లుగా ఆమె షూటింగ్ రేంజ్‌కి వెళుతోంది. ఇంతవరకూ చేతపట్టిన ప్రతి రైఫిలూ ఆరడుగుల మగవాళ్ల కొలతలకి చేసిందే. చెంప ఆనించాలంటే మెడ సాగదీయాలి, ట్రిగ్గర్ అందుకోవాలంటే మోచెయ్యి చాపాలి. ఇది అలా కాదు. ఎత్తింది ఎత్తినట్టు భుజం గుంటలో ఒదిగిపోయింది.

"ఎవరో పిల్లాడి కోసం పిడి కురచగా కోయించినట్టున్నారు," అన్నాడు కౌంటర్ వెనక నుంచి రస్సెల్. ఫ్రిస్కో ఊరికి ఉత్తరాన అరగంట దూరంలో పాత తుపాకులు అమ్మే కొట్టు అతనిది. "శాన్ ఏంజెలో వైపు ఒక రాంచ్‌లో సామాను వేలం వేస్తే వచ్చింది. ముందే చెప్పకుండా అమ్మడం నాకిష్టం లేదు. దీనికి తూటాలు దొరకవు."

బ్యారెల్ మీద కొట్టిన అక్షరాలు చూపించాడు. పై వరసలో 'డబ్ల్యూ. హోలిస్, గన్‌స్మిత్' అని ఉంది. కింద '6.5 లూపే'.

"ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, లూపే అన్న తూటా పేరు వినలేదు. వైల్డ్‌క్యాట్ అయి ఉంటుంది."

ఆ మాట అనురాధకి తెలుసు. ఏ కంపెనీ తయారుచేయని తూటాని, ఎవరో ఒకరు తమ అవసరానికి తగ్గట్టు పాత తూటా ఇత్తడిని నొక్కి, సాగదీసి, కొత్త ఆకారానికి తెచ్చుకున్నదాన్ని తుపాకులవాళ్లు వైల్డ్‌క్యాట్ అంటారు.

"చేసినవాడితోనే దాని కొలతలూ పోతాయి," అన్నాడు రస్సెల్. "సరిపోయేట్టుంది కదా అని ఏదో ఒకటి పెట్టి పేల్చామా, మొహం మిగలదు. ఈ బ్యారెల్ తీసి పారేసి కంపెనీది బిగిస్తాను. వచ్చే శనివారం తీసుకురా."

సరేనని రైఫిల్ కొనుక్కుని ఇంటికి తెచ్చింది.

అనురాధ ఉద్యోగం కొలవడం. విమానాల ల్యాండింగ్ గేర్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లుగా ఇన్‌స్పెక్టర్. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. మెషినిస్టులు ఆమెని చూసి భయపడతారు, కాస్త తిట్టుకుంటారు కూడా. అలాంటి మనిషి పారేయబోయే వస్తువునైనా కొలవకుండా పారేయలేదు. ఆదివారం పొద్దున్నే గరాజ్‌లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రైఫిల్ విప్పింది. తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహాన్ని చిన్న గిన్నెలో కరిగించి, తూటా కూర్చునే గదిలోకి పోసింది. అది గట్టిపడ్డాక బ్యారెల్ ముందు వైపు నుంచి కడ్డీతో మెల్లగా తట్టింది. వేలెడంత వెండిరంగు అచ్చు గుడ్డ మీదకి జారింది. ఆ గది లోపలి ఆకారం అంతా, సీసాకి ఉన్నట్టే మెడా, భుజమూ, మొదలూ, ఆ అచ్చులో ఉంది.

దాన్ని దిమ్మెల మీద పెట్టి, డయల్ గేజ్ మొన ఆనించి, వేలితో నెమ్మదిగా తిప్పింది. సూది కదల్లేదు. గేజ్ పాడైందేమోనని మొనని గోటితో తాకింది. సూది గంతేసింది. గేజ్ బాగానే ఉంది. మళ్లీ తిప్పింది. మెడ దగ్గర, భుజం దగ్గర, మొదట్లో. ఎక్కడా సూది గీత దాటలేదు, అంటే గది ఎక్కడా వంకర లేకుండా గుండ్రంగా ఉంది.

ఆమె స్టూల్ మీద వెనక్కి జరిగి కూర్చుంది. కంప్యూటర్లు నడిపే మిషన్ల మీద కోసిన భాగాలు రోజుకి వంద చూస్తుంది. ఇంత శుద్ధంగా కోసింది ఏడాదికి ఒకటి కనిపిస్తే గొప్ప. ఇది చేత్తో తిప్పిన లేత్ మీద కోసింది. ఎవరో ఒక మనిషి ఊపిరి బిగబట్టి కోసింది.

తర్వాత సన్నటి కెమెరా తీగని బ్యారెల్‌లోకి పంపి చూసింది. తూటా బయల్దేరే చోట ఉక్కు ఎండిన బురదలా సన్నగా బీటలు వారి ఉంది. చూసింది. మిగతా కొలతలన్నీ కాగితం మీద రాసుకుంది గానీ ఆ ఒక్కటీ రాసుకోలేదు.

ఆమె భర్త కౌశిక్ రెండు కప్పుల కాఫీతో గరాజ్‌లోకి వచ్చాడు.

"అనూ, బ్రేక్‌ఫాస్ట్ టైమ్ కూడా దాటిపోయింది. పారేసే బ్యారెల్‌కి ఇంత ఇన్‌స్పెక్షన్ ఏంటి?"

"పారేయను."

"నిన్ననే కదా శనివారం అపాయింట్‌మెంట్ అన్నావు?"

"ఇది చూడు ముందు." అచ్చుని మళ్లీ తిప్పి చూపించింది. కౌశిక్‌కి సూది కదలకపోవడంలో విశేషమేంటో అర్థం కాలేదు. కానీ పాతికేళ్ల కాపురంలో భార్య మొహంలో ఆ వెలుగు ఎన్నిసార్లు చూశాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"అయితే ఇప్పుడు తుపాకీకి జాతకం రాయిస్తావన్నమాట."

"పుట్టినచోటు తెలిస్తే చాలు. ఎవరు కోశారో కనుక్కుంటే కొలతలు దొరుకుతాయి. అప్పుడు దీన్ని మార్చక్కర్లేదు."

సోమవారం లంచ్ టైమ్‌లో ఫ్యాక్టరీ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఫోన్ చేసింది. విలియం హోలిస్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన కొడుకు కర్టిస్ తండ్రి కొట్టు గురించి ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టాడు. అందులో నెంబరుంది. రైఫిల్ సంగతి చెప్పగానే అతని గొంతు పొంగిపోయింది.

"మా నాన్న చేత్తో చేసిందే అది! అలాంటివి ఇప్పుడెవరూ చేయలేరు. మీకు అమ్మే ఉద్దేశం ఉందా? ఆయన చేసినవన్నీ ఒకచోట చేర్చి అందరికీ చూపించాలని నా కోరిక."

"అమ్మను గానీ, ఈ తూటా కొలతలు మీ దగ్గరేమైనా ఉన్నాయా? లూపే అంటే ఏంటి?"

"కాగితాలేవీ మిగల్లేదండి. పేరంటారా, మా నాన్న సరదా మనిషి. ఏదో తోచింది పెట్టి ఉంటాడు."

గదిని కోసే పనిముట్టుని రీమర్ అంటారు. వైల్డ్‌క్యాట్‌కి రీమర్ ఎవరో ఒకరు ప్రత్యేకంగా చేసివ్వాలి. చేసిచ్చినవాళ్లు డ్రాయింగ్ దాచుకుంటారు. అనురాధకి ఆ అలవాటు తన ఫ్యాక్టరీ వల్ల తెలుసు. దేశంలో ఆ పని చేసేవాళ్లు ఎందరో లేరు. మంగళవారం వరసగా అందరికీ కొలతలు పంపి, హోలిస్ పేరు రాసింది. బుధవారం మధ్యాహ్నానికి ఆరెగాన్‌లోని ఒక చిన్న వర్క్‌షాప్ నుంచి జవాబొచ్చింది. పసుపు పట్టిన కాగితం ఫోటో. ఆమె కొలిచిన అంకెలే, ఒక్కటి కూడా తేడా లేకుండా. మూల గడిలో పెన్సిల్‌తో రాసి ఉంది: 'గీసినది: జి. సాయెన్జ్, 1988'.

మళ్లీ కర్టిస్‌కి ఫోన్ చేసింది.

"సాయెన్జ్ అంటే ఎవరండీ? మీ నాన్నగారి దగ్గర పనిచేసేవాడా?"

"సాయెన్జా?" అతను కొంచెం ఆలోచించాడు. "ఓ, ఆమా! మెక్సికన్ ఆవిడ. కొట్టు ఊడ్చేది. స్కూల్ నుంచి వచ్చేసరికి చీపురు పట్టుకుని కనిపించేది."

"ఆవిడ పేరేంటి?"

"గ్వాడలూపే. అందరూ లూపే అనేవాళ్లం."

డ్రాయింగ్ మూలనున్న 'జి' అనురాధకి గుర్తొచ్చింది. అతని నోటి నుంచి వచ్చిన మాట అతనికే వినబడిందో లేదో ఆమెకి తెలియలేదు. అతను "శాన్ ఏంజెలో దగ్గరే ఎక్కడో ఉండేది. బతికుందో లేదో," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అనురాధ చపాతీలు ఒత్తుతుంటే అప్పడాల కర్ర బల్లకి ఠంగుమని తగులుతోంది.

"ఊడ్చేదట! అంత పని చేసిన మనిషిని, ఊడ్చేదట. పేరు మాత్రం వాళ్ల నాన్నది, ఇంతింత అక్షరాలతో."

"పిండి ఏం చేసింది పాపం," అన్నాడు కౌశిక్. తర్వాత నెమ్మదిగా, "అడ్రస్ దొరికితే చెప్పు. ఫ్రైడే నేను కూడా లీవ్ పెడతాను, డ్రైవ్ చేస్తాను," అన్నాడు.

శాన్ ఏంజెలో చుట్టుపక్కల సాయెన్జ్ ఇంటిపేరున్న నెంబర్లు పదకొండు దొరికాయి. గురువారం ఏడో నెంబరుకి ఒక ముసలి గొంతు పలికింది. అనురాధ తన పేరు, ఊరు, ఉద్యోగం చెప్పి, రైఫిల్ గుర్తులు చెప్పడం మొదలుపెట్టింది. సగంలోనే ఆ గొంతు అడ్డుపడింది.

"పిడి వాల్‌నట్ చెక్క. కుడి చెంప వైపు చిన్న ముడి ఉంటుంది, అవునా?"

"అవునండి."

"తీసుకురా," అంది ఆవిడ.

శుక్రవారం తెల్లారి బయల్దేరి, పడమటికి అయిదు గంటలు. ఊళ్లు పలచబడి, గాలిమరలు వచ్చాయి. తర్వాత ముళ్లపొదల మధ్య మేకల మందలు. లూపే ఇల్లు ఊరి చివర రేకుల షెడ్డు పక్కన ఉంది. ముందు పెరట్లో టమాటా మొక్కలు వరసగా ఏపుగా ఉన్నాయి. వాటికి ఆసరాగా కర్రలు కాదు, అరిగిపోయిన రైఫిల్ బ్యారెల్స్ పాతి ఉన్నాయి. కౌశిక్ కారు ఆపి వాటినే చూస్తూ ఉండిపోయాడు.

గ్వాడలూపే సాయెన్జ్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. అనురాధ కంటే రెండంగుళాలు పొట్టి. నెరిసిన జుట్టు గట్టిగా జడ వేసుకుంది. చెయ్యి చాపితే ఆ చెయ్యి ఆగకుండా వణుకుతోంది. దాన్ని దాచుకోలేదు.

షెడ్డులో లేత్ మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. పనిముట్లు గోడకి వరసగా, ప్రతిదాని చుట్టూ దాని ఆకారం గీసి ఉంది. అనురాధ రైఫిల్‌ని బల్ల మీద పెట్టి, తను తీసిన కొలతలు, అచ్చు, డ్రాయింగ్ ఫోటో అన్నీ పక్కన పేర్చింది.

"నేను ఇరవై మూడేళ్లుగా కొలుస్తున్నానండి. ఇలాంటి పని చూడలేదు. ఇది ఎలా కోశారో అడగాలని వచ్చాను."

"నెమ్మదిగా," అంది లూపే. ఆవిడ చూపు కాగితాల మీద లేదు. రైఫిల్ పిడి మీద అరచెయ్యి ఆనించి ఉంది. చెక్క తగలగానే వణుకు కొంచెం తగ్గింది. "ఇది రూత్ టోల్బర్ట్‌ది. మేకల రాంచ్. మొగుడు పోయాక ఒక్కతే నడిపింది. భుజానికి ఆపరేషన్ అయింది. మామూలు రైఫిల్ పేలిస్తే ఆ దెబ్బకి కుట్లు కదిలేవి. పేల్చకపోతే రాత్రికి మూడేసి మేకపిల్లల్ని కొయోట్ నక్కలు ఎత్తుకుపోయేవి. ఏ కంపెనీ తూటా చూసినా ఒకటి గట్టిగా తన్నేది, ఒకటి అంత దూరం పోయేది కాదు. నాలుగు నెలలు గీశాను, చెరిపాను. జింకల తూటా ఇత్తడి ఒకటి తీసుకుని భుజం వెనక్కి నొక్కాను. మందు తక్కువ పట్టేది, తన్నేది కాదు. మూడొందల గజాలు సూటిగా పోయేది. రూత్ మొదటిసారి పేల్చి, భుజం తడుముకుని, 'పేలిందా?' అని అడిగింది."

ఆవిడ నవ్వింది. అనురాధ కూడా నవ్వింది. అంతలో లూపే కెమెరా తీగ అడిగి, అనురాధ చేత బ్యారెల్‌లోకి పంపించి, తెర మీదకి వంగింది. చాలాసేపు చూసింది.

"అయిపోయింది. రూత్ ముప్పై ఏళ్లు వాడింది. తియ్యి దీన్ని."

"తియ్యడమా?" అనురాధ గొంతు లేచింది. "దీన్ని కాపాడదామనే కదండీ ఇంత దూరం వచ్చింది!"

"నువ్వు కొలిచేదానివన్నావు. ఈ బీటలు చూళ్లేదా?"

"చూశాను."

"మీ ఫ్యాక్టరీలో ఇలాంటిది వస్తే?"

అలాంటిది వస్తే అనురాధ రెండో చూపు చూడకుండా పనికిరాదని ఎర్ర చీటీ అంటించేది. ఒక పనిని మెచ్చుకున్నందుకు దాని లోపం రాసుకోకుండా వదిలేయడం ఆమె ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

లూపే ఆమెని తప్పుపట్టినట్టు చూడలేదు. "బ్యారెల్ అంటే చెప్పులాంటిది, మీహా, బిడ్డా. నడిచినవాళ్లది అరుగుతుంది. అరగలేదంటే ఎవరూ నడవలేదని," అంటూ లేచి ఇంట్లోకి వెళ్లింది. వచ్చేటప్పుడు చంకలో నూనె కాగితం చుట్టిన పొడుగాటి కట్ట, చేతిలో పొగాకు డబ్బా ఉన్నాయి. కట్టలో కొత్త బ్యారెల్ కడ్డీ. రంధ్రం, లోపలి మెలికలు ఉన్నాయి గానీ తూటా గది ఇంకా కోయలేదు. డబ్బాలో మైనం పూసిన రీమర్.

"రూత్ ఏడేళ్ల కిందట రెండో బ్యారెల్ అడిగింది. కడ్డీ తెప్పించాను. అప్పుడే చెయ్యి వణకడం మొదలైంది. తగ్గేదాకా ఆగుతానంది. తగ్గలేదు. ఆవిడ కూడా ఆగలేకపోయింది." కట్టని అనురాధ ముందుకి జరిపింది. "నాకు చెయ్యి లేదు. నీకుంది. లేత్ తిప్పావా ఎప్పుడైనా?"

"కాలేజీలో. ముప్పై ఏళ్ల కిందట."

"కొలవడం వచ్చినవాళ్లకి కోయడం సగం వచ్చినట్టే. గుడ్డ తియ్యి."

ఆ మధ్యాహ్నమంతా కడ్డీని లేత్‌లో సరిగ్గా మధ్యకి తేవడంతోనే సరిపోయింది. అనురాధ గేజ్ చూస్తూ ఒక మర తిప్పేది, ఎదురు మర వదిలేది, మళ్లీ చూసేది. బాగానే ఉందనుకుని తల ఎత్తితే లూపే తల అడ్డంగా ఊపేది. గేజ్ వైపు చూసేది కూడా కాదు. అనురాధ మొహం చూసేది. "నీకే నమ్మకం లేదు. మళ్లీ," అనేది. కౌశిక్ ఊళ్లోకి వెళ్లి టాకోలు తెచ్చి, నూనె చేతుల్ని చూసి, భార్యకి తనే తినిపించాడు. లూపే కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

శనివారం పొద్దున రీమర్ పట్టారు. లూపే స్టూల్ లాక్కుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

"కంటితో కాదు, చెవితో చెయ్యి. ఉక్కు తెగుతుంటే పాడాలి. ఏడిస్తే ఆపు."

అనురాధ చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పింది. నూనె పొగ సన్నగా లేచింది. ఉక్కు రజను వెంట్రుకల్లా చుట్టుకుంటూ వచ్చింది. కాస్త కోసి, రీమర్ బయటికి లాగి, రజను తుడిచి, నూనె వేసి, మళ్లీ లోపలికి. అలా ముప్పైసార్లు, నలభైసార్లు. ఒకసారి సన్నటి కీచుమనే శబ్దం మొదలైంది. లూపే కళ్లు తెరిచేలోపే అనురాధ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది.

"కర్టిస్ మీరు కొట్టు ఊడ్చేవారన్నాడు," అంది అనురాధ, గుడ్డతో రజను తుడుస్తూ. మూడు రోజులుగా గొంతులో అడ్డంపడ్డ మాట అది.

"ఊడ్చాను మరి. రజను చేసింది నేనే, ఇంకెవరు ఊడుస్తారు?"

పదకొండింటికి గది పూర్తయింది. పాత బ్యారెల్ విప్పి కొత్తదాన్ని రైఫిల్‌కి బిగించి, తూటా పొడవున్న ఇనప గేజ్ పెట్టి, వెనకున్న గడియ, అంటే బోల్ట్, మూస్తే మూసుకుంది. కొంచెం పెద్ద గేజ్ పెడితే మూసుకోలేదు. అలాగే ఉండాలి. అచ్చు పోసి డయల్ కింద తిప్పితే సూది గీతన్నర కదిలింది. పాతదానిలో గీత కూడా దాటలేదు.

"మీ అంత రాలేదు," అంది అనురాధ.

"నా మొదటిది నాలుగు గీతలు," అంది లూపే.

అక్షరాల ముద్రలున్న చెక్కపెట్టె బల్ల మీదకి వచ్చింది. అనురాధ బ్యారెల్‌ని దిమ్మెలో బిగించి, ఒక్కో ముద్ర నిలబెట్టి, సుత్తితో కొట్టింది. '6.5 లూపే' తిన్నగా వచ్చింది. తర్వాత పెట్టెలో వెతికి 'జి' ముద్ర తీసింది. వణికే చెయ్యి వచ్చి ఆ ముద్రని కప్పేసింది.

"అది కాదు. కోసినవాళ్ల పేరు వెయ్యాలి."

"మీరు చెప్పకపోతే నేనేం కోసేదాన్ని? హోలిస్ మీ పనికి తన పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు నేను కూడా అదే చేస్తే ఎలా?"

"ఆయన పెట్టుకున్నాడని ఎవరు చెప్పారు నీకు?"

లూపే పాత బ్యారెల్‌ని బల్ల మీద దొర్లించి ఆమె వైపు తిప్పింది.

"అప్పటికే షుగర్‌తో ఆయన చూపు పోతోంది. గేజ్ మీద గీతలు కనిపించేవి కావు. ముందు నేను చదివి చెప్పేదాన్ని, తర్వాత నేనే కోసేదాన్ని. నాకన్నీ నేర్పింది ఆయనే. ఇది పూర్తయిన రోజు ఈ పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. 'నీ పేరు వెయ్యి లూపే' అన్నాడు. నేను వెయ్యలేకపోయాను. ఒక మెక్సికన్ ఆడదాని పేరు చూస్తే జనం ఇక కొట్టుకి రారనుకున్నాను. ఆయన పేరే ముద్ర వేశాను. ఈ పై వరస నా చేతిది." ఆవిడ బొటనవేలు కిందికి జరిగింది. "దీన్ని చూడు."

అనురాధ వంగి చూసింది. '6.5 లూపే' అక్షరాలు ఒకదాని కంటే ఒకటి కొంచెం కిందికి జారుతూ పోయాయి. ఒకటి మరీ లోతుగా దిగింది.

"ఆయనకి కోపం వచ్చింది. ముద్రలు నా చేతిలోంచి లాక్కున్నాడు. ఏ అక్షరమో వేలితో తడిమి చూసుకుంటూ, సరిగ్గా కనబడకుండానే ఆ వరస కొట్టాడు. 'తూటాకైనా ఉంటుందిలే నీ పేరు' అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

కౌశిక్ గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

"ఈ రైఫిల్‌లో నేను పాడుచేసిన పని ఆ పై వరస ఒక్కటే," అంది లూపే. "ఈ బ్యారెల్ టమాటాలకి వద్దు. కర్టిస్‌కి పంపు. వాళ్ల నాన్న చేత్తో కొట్టిన వరస ఏదో చూపించు. గది ఎవరు కోశారో కూడా చెప్పు. ముప్పై ఏడేళ్లు ఆలస్యమైంది, ఏం పర్వాలేదు. ఇప్పుడు నీ పేరు అక్షరాలు చెప్పు."

అనురాధ పెట్టె వైపు చూసింది. ఫ్యాక్టరీలో ఆమె ముద్ర 47 అన్న నెంబరు. ఇరవై మూడేళ్లలో లక్ష కాగితాల మీద పడి ఉంటుంది. ఏ వస్తువు మీదా ఆమె పేరు లేదు. ఉండాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. 'ఎ' ముద్ర తీసి ఉక్కు మీద నిలబెట్టింది. ముద్ర కదలకుండా లూపే రెండు చేతులతో పట్టుకుంది. ఉక్కుని ఆనుకోగానే ఆ చేతులు నిలిచాయి. అనురాధ సుత్తి దించింది.

లూపే ముద్ర తీసి, అక్షరం మీద బొటనవేలు రాసి చూసింది.

"పైపైన పడింది," అంది. "భయపడుతూ కొట్టావు. 'ఎన్' తియ్యి. ఈసారి గట్టిగా కొట్టు."